కడుపు క్రిమికి నోరు ఇల్లా, దారా?

(ఒక జిల్లా కేంద్ర గ్రంథాలయంలో, సామాన్య శ్రోతల కోసం మైక్రోబయాలజీ అధ్యాపకురాలు ఒకరు చేసిన ప్రసంగం. చివర్లో శ్రోతలు అడిగిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. సెలవు రోజున పనులు మానుకుని ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం.

ఇవాళ హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా గురించి మాట్లాడుకుందాం. మీలో కొందరు ఈ పేరు ఎండోస్కోపీ రిపోర్టులో చూసే ఉంటారు. "హెచ్ పైలోరీ పాజిటివ్" అని రాసి, డాక్టర్ గారు 14 రోజుల మాత్రల కిట్ ఇచ్చి ఉంటారు. మన దేశంలో పెద్దవాళ్లని పరీక్షించిన చాలా అధ్యయనాల్లో ఇది సగం మందికి పైగా కనిపించింది. అంటే ఈ హాల్లో ఉన్న మనలో చాలామంది కడుపుల్లో ఇప్పుడు అది ఉండే ఉంటుంది. కంగారు పడకండి. ఉన్నవాళ్లలో ఎక్కువమందికి జీవితాంతం ఏ ఇబ్బందీ రాదు. పది మందిలో సుమారు ఒకరికి కడుపులోనో, చిన్నపేగు మొదట్లోనో పుండు పడుతుంది. నూటికి ఒకరి నుంచి ముగ్గురికి, అదీ ఎన్నో ఏళ్ల తర్వాత, కడుపు క్యాన్సర్ రావచ్చు. అందుకే 1994లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని క్యాన్సర్ కారకాల్లో మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు పొగ కూడా ఆ వర్గంలోనే ఉంది.

నేను డెంటల్ కాలేజీలో పాఠాలు చెబుతాను. అందుకని కడుపు కంటే నోరే నాకు ఎక్కువ పరిచయం. ఇవాళ్టి ప్రశ్న కూడా నోటిదే. ఈ క్రిమి కడుపులోకి ఎక్కణ్ణుంచి వస్తోంది? మందులు వాడి కడుపులో చంపేశాక కొందరికి మళ్లీ ఎందుకు వస్తోంది? మన పళ్ల మీద పాచిలో, చిగుళ్ల సందుల్లో అది దాక్కుని, అదును చూసి మళ్లీ కిందికి దిగుతోందా? ముప్ఫై ఏళ్లకి పైగా ఈ ప్రశ్న మీద వాదన నడుస్తోంది. రెండు పక్షాల్లోనూ నిజాయితీగా పనిచేసినవాళ్లు ఉన్నారు. ఆ వాదన ఎలా నడిచిందో మీకు చెప్పాలని వచ్చాను. ఎందుకంటే "మీ నోట్లో హెచ్ పైలోరీ ఉంది" అని భయపెట్టి పరీక్షలూ మందులూ అమ్మేవాళ్లకి మన జనం డబ్బు ధారపోయడం నాకు బాధ కలిగిస్తుంది.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. 1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టు కడుపు పొర ముక్కల్ని మైక్రోస్కోపు కింద చూస్తూ, మెలికలు తిరిగిన బ్యాక్టీరియాని గమనించాడు. కడుపులో అంత ఆమ్లం ఉంటుంది కాబట్టి అక్కడ ఏ క్రిమీ బతకదని అప్పటి డాక్టర్ల నమ్మకం. బారీ మార్షల్ అనే యువ డాక్టర్ 1981లో ఆయనతో కలిశాడు. ఇద్దరూ దాన్ని ల్యాబ్‌లో పెంచాలని చూస్తే ఎంతకీ పెరగలేదు. మామూలు పద్ధతి ప్రకారం రెండు రోజులు చూసి ప్లేట్లు పారేసేవాళ్లు. 1982 ఈస్టర్ సెలవుల్లో ప్లేట్లు ఎవరూ తియ్యక ఇంకొన్ని రోజులు ఇంక్యుబేటర్‌లోనే ఉండిపోయాయి. తిరిగొచ్చి చూస్తే క్రిమి పెరిగి ఉంది. ఇది నిదానంగా పెరిగే రకం అన్నమాట. పైగా దీనికి ఆక్సిజన్ తక్కువగా ఉండాలి. మనం పీల్చే గాలిలో 21 శాతం ఉంటుంది, దీనికి 5 శాతం చాలు. ఈ రెండు విషయాలూ మనసులో పెట్టుకోండి, నోటి దగ్గరికి వచ్చాక పనికొస్తాయి.

1984లో మార్షల్ ఆ క్రిమి కలిపిన ద్రవాన్ని తనే తాగేశాడు. కొన్ని రోజుల్లో వికారం, వాంతులు మొదలయ్యాయి. ఎండోస్కోపీ చేస్తే కడుపు పొర వాచి ఉంది, పొర మీద క్రిములు కనిపించాయి. ఈ ప్రయోగం గురించి చాలామందికి తెలుసు. నన్ను మాత్రం అందులో ఇంకో చిన్న సంగతి ఆకర్షిస్తుంది. ఆ రోజుల్లో ఆయన నోరు దుర్వాసన కొడుతోందని ఇంట్లోవాళ్లు పట్టేశారు. కడుపులో జరిగింది నోటిదాకా వచ్చింది. ఈ రెండింటి మధ్య రాకపోకలు ఉంటాయని అక్కడే తెలుస్తోంది. వారెన్, మార్షల్‌లకి 2005లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఆ ఆమ్లంలో ఈ క్రిమి ఎలా బతుకుతుందో కూడా చెప్పాలి, వాదన అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. దీని దగ్గర యూరియేజ్ అనే ఎంజైము పుష్కలంగా ఉంటుంది. మన ఒంట్లో సహజంగా ఉండే యూరియాని అది అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొడుతుంది. అమ్మోనియా చుట్టూ ఉన్న ఆమ్లాన్ని విరుస్తుంది. ఆ కాసేపట్లో క్రిమి తన తోకల్లాంటి తంతువులు ఆడించుకుంటూ, కడుపు గోడని కప్పిన జిగురు పొరలోకి దూరిపోతుంది. ఒకసారి లోపలికి చేరితే మందు లేకుండా సాధారణంగా పోదు. చాలామందికి ఇది చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ల నుంచే అంటుతుంది.

ఇంట్లోవాళ్ల నుంచి అంటుతుంది అన్నాం కదా, ఏ దారిన? మలం నుంచి నీళ్లలోకి, నీళ్ల నుంచి నోట్లోకి రావడం ఒకటి. వాంతి ద్వారా రావడం ఒకటి. లాలాజలం ద్వారా, అంటే ఎంగిలి ద్వారా ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి వెళ్లడం మూడోది. ఏ దారి పట్టినా చివరికి నోట్లోంచే కడుపులోకి దిగాలి. ఇందులో ఎవరికీ సందేహం లేదు. అది నోట్లో ఆగుతుందా, ఆగి పెరుగుతుందా అన్నదే సందేహం.

1989లో కెనడాలోని టొరంటో పరిశోధకులు కడుపులో ఈ క్రిమి ఉన్న రోగుల లాలాజలాన్నీ, పంటి పాచినీ తీసుకుని ల్యాబ్‌లో పెంచి చూశారు. కడుపులో క్రిమి దొరికిన 29 మందిలో ఒకే ఒక్కరి పాచిలో అది పెరిగింది. ఒక్కరే అయినా సరే, బతికున్న క్రిమి నోట్లోంచి వచ్చింది. తలుపు అక్కడ తెరుచుకుంది.

రెండేళ్లకే, 1991లో, బొంబాయి డాక్టర్లు అజీర్తితో వచ్చిన రోగుల్ని పరీక్షించి, దాదాపు అందరి పాచిలోనూ ఈ క్రిమి ఉందని ప్రకటించారు. మందులు ఇచ్చాక కడుపులోంచి పోయింది గానీ పాచిలో అలాగే ఉందన్నారు. పంటి పాచి ఈ క్రిమికి శాశ్వత స్థావరమా అన్న ప్రశ్నని ప్రపంచం ముందు గట్టిగా పెట్టింది వాళ్లే. మన దేశం నుంచి వెళ్లిన ఆ ప్రశ్న ఇవాళ్టికీ ఈ రంగంలో వినిపిస్తూనే ఉంది.

టొరంటోలో 29లో ఒకటి. బొంబాయిలో దాదాపు అందరూ. మనుషుల నోళ్లలో అంత తేడా ఉంటుందా? పరీక్షలో తేడా ఉంది. టొరంటోవాళ్లు క్రిమిని పెంచి చూశారు. బొంబాయివాళ్లు యూరియేజ్ పరీక్ష చేశారు. పాచిని యూరియా ఉన్న జెల్‌లో పెడతారు, అమ్మోనియా పుడితే జెల్ రంగు మారుతుంది. కడుపు పొర ముక్క విషయంలో ఇది చక్కటి పరీక్ష, ఇప్పటికీ ఎండోస్కోపీ గదిలో వాడతారు. కారణం ఏంటంటే, కడుపు ఆమ్లంలో యూరియేజ్ తయారుచేసే క్రిములు ఇంకేవీ పెద్దగా బతకవు. నోటి సంగతి వేరు. నోట్లో వందల రకాల బ్యాక్టీరియా ఉంటాయి, వాటిలో యూరియేజ్ తయారుచేసేవి బోలెడు. స్ట్రెప్టోకాకస్ సాలివేరియస్ అని ఒకటి మనందరి నాలుక మీదా ఉంటుంది, దానికీ ఆ ఎంజైము ఉంది. ఆక్టినోమైసిస్ జాతిలో ఉంది. కాబట్టి పాచిని ఆ జెల్‌లో పెడితే ఎవరిదైనా రంగు మారే అవకాశం ఉంది. ఆ డాక్టర్లని నేను తప్పు పట్టడం లేదు, అప్పటికి చేతిలో ఉన్న మంచి పరీక్ష అదే. ఇప్పుడు తెలిసిన దాన్నిబట్టి చూస్తే మాత్రం ఆ ఫలితాన్ని అంతే బలంగా నమ్మలేం.

బ్రీత్ టెస్ట్ చేయించుకున్నవాళ్లకి ఇది అనుభవంలో ఉండే ఉంటుంది. యూరియా ఇచ్చి, కాసేపాగి గొట్టంలోకి ఊదమంటారు. ఇచ్చింది క్యాప్సూల్ అయితే నమలకుండా నీళ్లతో మింగమని గట్టిగా చెబుతారు. నోట్లో ఉన్న బ్యాక్టీరియాకి యూరియా తగిలితే అవి దాన్ని విడగొట్టేస్తాయి, కడుపులో ఏమీ లేకపోయినా ఉన్నట్టు రీడింగ్ వస్తుంది. మొదటి నిమిషాల్లో ఊదిన గాలిని కాకుండా కాసేపాగి ఊదిన గాలిని లెక్కలోకి తీసుకునేది కూడా అందుకే.

తర్వాత పీసీఆర్ వచ్చింది. కొవిడ్ పుణ్యమా అని ఈ మాట ఇప్పుడు ఊరూరా తెలుసు. క్రిమిని పెంచే పని లేకుండా, దాని డీఎన్‌ఏ తునక ఉందా లేదా అని నేరుగా వెతకొచ్చు. దీంతో తగువు తీరుతుందనుకున్నారు, తీరలేదు. ఒకరు నూటికి తొంభైకి పైగా నోళ్లలో ఉందన్నారు, ఇంకొకరు ఒక్కరిలోనూ లేదన్నారు. పీసీఆర్‌లో మనం ఏ తునకని వెతుకుతున్నామో ముందే నిర్ణయించుకోవాలి. అన్ని బ్యాక్టీరియాల్లోనూ కాస్త పోలికగా ఉండే జన్యువుని ఎంచుకుంటే దగ్గరి చుట్టాలు కూడా దొరుకుతాయి. నోట్లో క్యాంపిలోబాక్టర్ జాతివి ఎప్పుడూ ఉంటాయి, అవి దీనికి చుట్టాలే. ఈ క్రిమికి 1989లో ఇప్పటి పేరు పెట్టేదాకా దీన్ని కూడా ఆ జాతిలోనే లెక్కేశారు. ఇంకో ఇబ్బంది, డీఎన్‌ఏ దొరికిందంటే క్రిమి బతికి ఉందని కాదు. చచ్చిన క్రిమి డీఎన్‌ఏ కూడా పీసీఆర్‌లో కనబడుతుంది.

నా విద్యార్థులకి ఇక్కడ ఒక మాట చెబుతుంటాను. బస్టాండ్‌లో కనబడిన ప్రతివాళ్లూ ఆ ఊరివాళ్లు కారు. కొందరు బస్సు మారడానికి దిగినవాళ్లు. నోట్లో ఈ క్రిమి ఆనవాలు దొరికినప్పుడు మూడు ప్రశ్నలు వెయ్యాలి. బతికి ఉందా? అక్కడే పెరుగుతోందా? కడుపులో పూర్తిగా పోయాక కూడా అక్కడ మిగిలి ఉందా? మూడింటికీ అవుననే జవాబు వస్తేనే నోరు దాని స్థావరం అనగలం. ఇప్పటిదాకా మొదటిదానికి అప్పుడప్పుడు అవునని వచ్చింది. రెండోదానికీ మూడోదానికీ ఎవరూ కాదనలేని రుజువు ఇంకా రాలేదు.

హైదరాబాద్‌లో జరిగిన పని గురించి కూడా చెప్పాలి, చాలామందికి తెలియదు. డెక్కన్ కాలేజ్ ఆఫ్ మెడికల్ సైన్సెస్ పరిశోధకులు దక్షిణ భారతీయుల లాలాజలంలోనూ, కడుపు ముక్కల్లోనూ పీసీఆర్ చేసి, నోటి దారి సంగతి తేల్చాలని చూశారు. అది 2006లో అచ్చయింది. మరుసటి ఏడాది అదే బృందం ఇళ్లలో శుభ్రత గురించి, తాగే నీళ్ల గురించి రాసింది. బావి నీళ్లు తాగేవాళ్లలో క్రిమి ఎక్కువగా కనిపించింది. నోటిని అంతగా తరచి చూసినవాళ్లే నీళ్ల వైపు కూడా చూడాల్సొచ్చింది. మన పరిస్థితుల్లో ఈ రెండింటినీ విడదీసి మాట్లాడటం కష్టం. ఒకే ఇంట్లో ఒకే బిందె, ఒకే గ్లాసు, ఒకే బాత్రూమ్ ఉన్నప్పుడు, పిల్లాడికి ఏ దారిన వచ్చిందో ఎవరు చెప్పగలరు?

ఆ విడదీసే పనిని 1999లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ధైర్యంగా తలకెత్తుకున్నారు. ఈ అంశం మీద నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రయోగం ఇదే. క్రిమి ఉండి, ఆరోగ్యంగానే ఉన్న 16 మందినీ, క్రిమి లేని 10 మందినీ తీసుకున్నారు. వాళ్ల అనుమతితోనే విరేచనాల మందు ఇచ్చారు, వాంతుల మందు ఇచ్చారు. మలం, వాంతి, లాలాజలం, చివరికి వాంతి చేసుకుంటున్నప్పుడు చుట్టుపక్కల గాలి కూడా సేకరించి, అన్నిట్లోనూ క్రిమిని పెంచి చూశారు. డీఎన్‌ఏ తునకల కోసం కాదు, బతికున్న క్రిమి కోసం.

క్రిమి ఉన్న 16 మందిలో 16 మంది వాంతిలోనూ అది బతికి ఉంది. కొందరి విషయంలో చుట్టూ గాలిలోంచి కూడా దొరికింది. విరేచనాల మందు తర్వాత వచ్చిన మలంలో సగం మందిలో దొరికింది. ఇక లాలాజలం. వాంతికి ముందు 16 మందిలో ముగ్గురికే దొరికింది. వాంతి అయ్యాక తొమ్మిది మందికి దొరికింది.

మూడు నుంచి తొమ్మిదికి ఎందుకు పెరిగింది? కడుపులోంచి పైకి వచ్చింది కాబట్టి. అంటే నోట్లో కనిపించే క్రిమిలో పెద్ద వాటా కింది నుంచి పైకి ఎక్కి వస్తోందన్నమాట. వాంతి ఒక్కటే కాదు, పుల్లటి త్రేన్పులు వచ్చేవాళ్లకి, రాత్రిపూట గొంతులోకి పులుపు ఎగదన్నేవాళ్లకి కూడా కడుపులోది కొంత నోటిదాకా వస్తూనే ఉంటుంది. మరి ఆ ముగ్గురి సంగతి? వాంతికి ముందే వాళ్ల లాలాజలంలో బతికున్న క్రిమి ఎందుకు ఉంది? అంతకుముందు వచ్చిన త్రేన్పుదా, లేక నిజంగానే చిగుళ్ల సందులోదా? ఆ ముగ్గురి కోసమే ఈ ప్రశ్నని మూసెయ్యలేం.

ఈ ప్రయోగానికి బలం ఇచ్చే ఇంకో పని 2006లో వచ్చింది. ఉత్తర కాలిఫోర్నియాలో ఇళ్లకి వెళ్లి, కుటుంబాల్ని వరసగా గమనించారు. ఇంట్లో ఈ క్రిమి ఉన్న మనిషికి వాంతులు పట్టుకున్నప్పుడు, మిగతావాళ్లకి కొత్తగా అది అంటుకునే అవకాశం సుమారు ఆరు రెట్లు పెరిగింది. మామూలు రోజుల్లో ఎంగిలి వల్ల వచ్చే ప్రమాదం గురించి మనం పడే భయంలో సగమైనా వాంతి శుభ్రం చేసే పద్ధతి మీద పెడితే బాగుంటుందని నాకు అనిపిస్తుంది. పిల్లాడు వాంతి చేసుకుంటే అమ్మో నానమ్మో చేత్తోనే తుడిచి, కొంగుకి రాసుకుని, మళ్లీ వంటింట్లోకి వెళ్లడం మన ఇళ్లలో చూస్తాం. సబ్బుతో చెయ్యి కడుక్కోవాల్సిన సమయం అదే.

దంతవైద్యుల సంగతి చూద్దాం. మన నోరే ఈ క్రిమికి పెద్ద స్థావరం అయితే, రోజంతా మన నోళ్లలో చేతులు పెట్టి, డ్రిల్లు నుంచి ఎగిరే తుంపర పీల్చేవాళ్లకి ఇది మిగతావాళ్లకంటే ఎక్కువగా ఉండాలి కదా. చాలా అధ్యయనాల్లో అలా తేలలేదు. ఎండోస్కోపీ చేసే డాక్టర్లలో మాత్రం ఎక్కువగా కనిపించిన సందర్భాలు ఉన్నాయి. వాళ్లకి తగిలేది కడుపు ద్రవం. చైనా వలస కుటుంబాల్లో ఒకే గిన్నెలో చాప్‌స్టిక్స్ అనే పుల్లలతో తినే అలవాటుకీ దీనికీ సంబంధం ఉందని 1995లో మెల్‌బోర్న్ నుంచి ఒక నివేదిక వచ్చింది. కొన్నేళ్లకి హాంకాంగ్‌లో ఆ పుల్లలనే కడిగి పీసీఆర్ చేస్తే, క్రిమి ఆనవాలు చాలా అరుదుగా దొరికింది.

ఇంతవరకూ విన్నాక నేను నోటిని వదిలేస్తున్నానని మీకు అనిపించొచ్చు. లేదు. నోటి పక్షాన చెప్పాల్సింది చాలానే ఉంది.

చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లకి పంటికీ చిగురుకీ మధ్య లోతైన సందులు పడతాయి. అక్కడ ఆక్సిజన్ చాలా తక్కువ. ఈ క్రిమికి తక్కువ ఆక్సిజన్ ఇష్టమని చెప్పుకున్నాం. లాలాజలంలోనూ, చిగుళ్ల సందులో ఊరే ద్రవంలోనూ యూరియా ఉంటుంది, అదీ దీనికి కావలసిందే. పాచి అంటే పంటికి అంటుకున్న అన్నం మెతుకులు కాదు. రకరకాల బ్యాక్టీరియా ఒకదాన్నొకటి పట్టుకుని, జిగురు పోసుకుని కట్టుకున్న పొర అది. అందులో ఫ్యూసోబాక్టీరియం అనే పొడుగాటి క్రిమి ఉంటుంది. హెచ్ పైలోరీ దానికి ప్రత్యేకంగా అతుక్కుంటుందని 1998లో ల్యాబ్‌లో చూపించారు. ఆ పొర లోపల ఉన్నవాటి మీద యాంటీబయాటిక్ సరిగ్గా పనిచెయ్యదు. ఇంకా, పరిస్థితి బాగోలేనప్పుడు హెచ్ పైలోరీ తన మెలికల రూపం వదిలి గుండ్రంగా ముడుచుకుంటుంది. ఆ రూపంలో ఉన్నదాన్ని ల్యాబ్‌లో పెంచడం కుదరదు. కాబట్టి పెరగలేదు కనుక లేదు అనడానికీ వీల్లేదు. ఇది నిజంగానే చిక్కు.

దీనికి ఎదురుగా, నోట్లో స్థిరపడిన కొన్ని బ్యాక్టీరియా హెచ్ పైలోరీని పెరగనివ్వవని జపాన్‌వాళ్లు 1997లో చూపించారు. నోటిలోని బ్యాక్టీరియా మొత్తాన్ని ఒకేసారి చదివే కొత్త పద్ధతుల్లో కూడా ఈ క్రిమి కనబడితే అరుదుగా, అదీ అతి కొద్ది మోతాదులో కనబడుతోంది.

మరి చిగుళ్లకి వైద్యం చేస్తే కడుపు జబ్బు మీద ప్రభావం ఉందా? నాలాంటివాళ్లకి ముఖ్యమైన ప్రశ్న ఇదే. సెర్బియాలో 2009లో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. కడుపులోనూ నోట్లోనూ క్రిమి ఉన్నవాళ్లలో కొందరికి మాత్రలు మాత్రమే ఇచ్చారు, కొందరికి మాత్రలతో పాటు చిగుళ్ల వైద్యం కూడా చేశారు. మూడు నెలల తర్వాత చూస్తే, మాత్రలు మాత్రమే వాడినవాళ్లలో సగంకన్నా కాస్త తక్కువమందికి, రెండూ చేసినవాళ్లలో నూటికి 77 మందికి కడుపులోంచి క్రిమి పోయింది. చైనా నుంచి కూడా ఇలాంటి ఫలితాలు వచ్చాయి. అన్నిటినీ కలిపి లెక్క చూసినవాళ్లు చిగుళ్ల వైద్యం వల్ల లాభం ఉన్నట్టుందనే చెబుతున్నారు. నా అభిప్రాయం ఏంటంటే, ఈ అధ్యయనాలు చిన్నవి, రోగికి తను ఏ గుంపులో ఉన్నాడో తెలిసిపోతుంది, చిగుళ్ల కోసం పదేపదే ఆస్పత్రికి వచ్చే మనిషి మాత్రలు కూడా జాగ్రత్తగా వేసుకుంటాడు. తేడా అంతా దానివల్లే వచ్చిందా, కొంత నిజంగా చిగుళ్లవల్ల వచ్చిందా అని తేలాలంటే పెద్ద అధ్యయనాలు కావాలి. మన దేశంలో క్రిమి ఉన్నవాళ్లు కోట్లమంది, చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లు కోట్లమంది. డెంటల్ కాలేజీలు ఉన్నాయి, వాటి పక్కనే పెద్దాస్పత్రులు ఉన్నాయి. ఆ పని ఇక్కడ జరగాలి. గ్యాస్ట్రో విభాగం ఒక భవనంలో, దంత విభాగం ఇంకో భవనంలో ఉండి, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా పాతికేళ్లు గడిచిపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ప్రస్తుతానికి నేను ఎక్కడ నిలబడ్డానో చెబుతాను. నోరు ఈ క్రిమికి తప్పకుండా దారి. చిగుళ్లు బాగా పాడైన కొందరిలో కొంతకాలం మజిలీ కూడా కావచ్చు. అందరి నోట్లోనూ కాపురం ఉంటుందని చెప్పడానికి మాత్రం ఆధారం చాలదు.

ఇక మీరు అడగండి.

శ్రోత (పెద్దావిడ): అమ్మా, మనవరాలికి నేనే కలిపి ముద్దలు పెడతాను. కారం ఉందేమోనని ముందు నేను రుచి చూస్తాను. కోడలు వద్దంటోంది. మానెయ్యాలా?

ముద్దలు పెట్టడం మానకండి అమ్మా. చేతులు సబ్బుతో కడుక్కుని పెట్టండి. రుచి చూడటానికి వేరే చెంచా పెట్టుకోండి, లేదా కొంచెం అరచేతిలో వేసుకుని చూడండి. అదే చెంచాతో మళ్లీ పాపకి పెట్టకండి. మీరు నమిలి పెట్టకూడదు, పాలపీక నోట్లో పెట్టుకుని శుభ్రం చేసి ఇవ్వకూడదు. ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో తల్లులు నమిలి పెట్టే ఆచారం మీద అధ్యయనం జరిగింది, అక్కడ పిల్లలకి క్రిమి అంటడానికి దానితో సంబంధం కనిపించింది. ఇందులో మీ కోడలు చెప్పేది సబబే. హెచ్ పైలోరీ కోసమే కాదు, పళ్లు పుచ్చిపోయేలా చేసే క్రిములు పెద్దవాళ్ల నోటి నుంచి పిల్లలకి ఇలాగే వెళ్తాయి. దానికి ఆధారాలు ఇంకా గట్టిగా ఉన్నాయి.

శ్రోత (యువకుడు): మేడమ్, లాలాజలంతో హెచ్ పైలోరీ పరీక్ష అని ఆన్‌లైన్‌లో కిట్లు అమ్ముతున్నారు. ఎండోస్కోపీ అంటే భయం ఉన్నవాళ్లు అది చేయించుకోవచ్చా?

వద్దు నాన్నా. లాలాజలంలో దొరికినా దొరకకపోయినా దాన్నిబట్టి కడుపు సంగతి తేల్చలేరు, ఇంతసేపూ చెప్పింది అదే. ఎండోస్కోపీ భయం ఉంటే బ్రీత్ టెస్ట్ ఉంది, మలంలో యాంటిజెన్ పరీక్ష, అంటే క్రిమి తాలూకు పదార్థాన్ని వెతికే పరీక్ష ఉంది. ఈ రెండూ నమ్మదగినవే. రక్తంలో యాంటీబాడీ పరీక్ష వల్ల ఇప్పుడు ఉందో, ఎప్పుడో ఉండి పోయిందో తెలియదు. ఒక మాట మాత్రం గుర్తుపెట్టుకో. బరువు తగ్గిపోవడం, మింగడం కష్టం కావడం, నల్లగా విరేచనం కావడం, రక్తం కక్కుకోవడం, ఇలాంటివి ఏవైనా ఉంటే ఎండోస్కోపీ తప్పించుకోకూడదు. మౌత్‌వాష్‌తో కడుపులో క్రిమి పోతుందని కూడా అమ్ముతున్నారు. దానికి డబ్బు పెట్టకు.

శ్రోత (మధ్యవయసు మహిళ): మా ఆయనకి రెండుసార్లు కిట్ వాడించాం. మళ్లీ పాజిటివ్ వచ్చింది. పళ్లన్నీ గార పట్టి ఉంటాయి. చిగుళ్ల నుంచి రక్తం వస్తుంది. నోట్లోంచే మళ్లీ వస్తోందంటారా?

అలా కావచ్చు గానీ, ముందు వెతకాల్సిన కారణాలు వేరే ఉన్నాయమ్మా. ఏడాదిలోపే మళ్లీ పాజిటివ్ వస్తే, ఎక్కువ సందర్భాల్లో అది కొత్తగా అంటింది కాదు, మొదటిది పూర్తిగా చావలేదు. కిట్ 14 రోజులూ పూట తప్పకుండా వేసుకున్నారా? నోరు చేదుగా ఉందనో, కడుపు తిప్పుతోందనో ఐదారు రోజులకే ఆపేశారా? చాలా ఇళ్లలో జరిగేది ఇదే. పూర్తిగా వాడినా పోకపోతే, ఆ క్రిమి ఆ మందుకి లొంగని రకం కావచ్చు. మన దగ్గర మెట్రోనిడజోల్‌కి లొంగనివి ఎక్కువ, క్లారిత్రోమైసిన్‌కి లొంగనివీ పెరుగుతున్నాయి. ఒకసారి వాడి విఫలమైన క్లారిత్రోమైసిన్‌ని మళ్లీ అదే కిట్‌లో వాడకూడదు. మందుల షాపులో పాత చీటీ చూపించి అదే కిట్ తెచ్చుకోకండి. బిస్మత్ కలిపి నాలుగు మందుల పద్ధతి ఉంది, ఏది సరిపోతుందో గ్యాస్ట్రో డాక్టర్ గారు చెబుతారు.

పరీక్ష ఎప్పుడు చేయించారన్నది కూడా ముఖ్యం. యాంటీబయాటిక్స్ అయిపోయాక కనీసం నాలుగు వారాలు ఆగాలి. పాంటాప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు రెండు వారాల ముందే ఆపాలి, డాక్టర్‌ని అడిగి. లేకపోతే క్రిమి ఉన్నా లేనట్టు చూపించవచ్చు.

చిగుళ్ల వైద్యం మాత్రం చేయించండి. నోట్లో హెచ్ పైలోరీ ఉన్నా లేకపోయినా చేయించాల్సిందే, ఎందుకంటే రక్తం కారే చిగుళ్లు తమంతట తామే ఒక జబ్బు. షుగర్ ఉంటే అది అదుపులోకి రావడం కూడా కష్టమవుతుంది. కడుపు మందులు మొదలుపెట్టే రోజుల్లోనే గార తీయించి, చిగుళ్ల లోపలిదాకా శుభ్రం చేయించండి. దానివల్ల కడుపుకి కూడా మేలు జరిగే అవకాశం ఉంది, నష్టం అయితే లేదు. ప్రభుత్వ డెంటల్ కాలేజీలో తక్కువ ఖర్చులో అవుతుంది. రెండు కిట్ల చీటీలూ, పాత రిపోర్టులూ ఒక ఫైల్లో పెట్టుకుని వెళ్లండి. ఏయే మందులు వాడారో చూస్తేనే డాక్టర్ గారు తర్వాతి మందు ఎంచుకోగలరు.